ఎర్ర సంచి ఎవరి మెడలో

ఏసీలు బిగించే బొంగరం ఆ రోజు తాగి ఉన్నాడని, కేకుల దుకాణం పక్కన చెప్పులమ్మే ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ మనిషిని ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. తాగాలంటే ముందు ఒకచోట కూర్చోవాలి. బొంగరం టీ కూడా నడుస్తూనే తాగుతాడు. పాత కక్షతో ఆ దుకాణమున్న మేడ కరెంటాయన మీద చేయి చేసుకున్నాడని కరెంటాయన స్నేహితులు చెబుతారు. అంతకుముందు ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నదే లేదు. పెద్ద యంత్రాన్ని చూసి బెదిరిపోయి, పని సగంలో వదిలి పారిపోయాడని అదే వృత్తిలో ఉన్నవాళ్ళు కొందరు ప్రచారం చేశారు. ఆ యంత్రం ఇవాళ్టికీ ఆ మేడ మీద తిరుగుతూనే ఉంది. మరి దాన్ని బిగించిందెవరని అడిగితే వాళ్ళు నీళ్ళు నములుతారు. వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది మాత్రం పొగిడినవాళ్ళ మాట. బజారులో ఉండగానే మేడ మీది ప్రమాదం అతని మనసుకు తెలిసిపోయిందట. గాలిలో తేలివచ్చినట్టు వచ్చి బావమరిదిని కాపాడాడట. ఈ కథ ఎవరైనా బొంగరం భార్య ముందు ఎత్తితే, ఆమె సూదిని గుడ్డకు గుచ్చి, "అవునవును. ముందు బావిలోకి తోసి, తర్వాత తాడు అందించాడు మహానుభావుడు" అంటుంది.

ఉన్నవాటిలో ఆమె మాటే నిజానికి దగ్గర. అయితే అదీ పూర్తి నిజం కాదు.

అతనికి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కన్నతల్లి మొదలు పని ఇచ్చేవాళ్ళ దాకా అందరికీ అతను బొంగరమే. బడిలో బెంచీ మీద ఆపడం చేతకాక, కిటికీ పక్కన నిలబడి రాసుకోవడానికి మాస్టారు అనుమతి ఇచ్చారట. నలభై దాటినా అరికాళ్ళలోని చక్రాలు అరగలేదు. ఇంట్లో ఖాళీగా ఉంటే, బిగుతుగా ఉన్న తలుపు మేకును మళ్ళీ బిగిస్తాడు. కారని కుళాయిని విప్పి, కారేలా చేసి, ఆపైన బాగుచేస్తాడు. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే భార్యకు ఇది నిత్యం ఉండే యుద్ధం.

"కాస్త కూర్చోవయ్యా! నీ నీడ గుడ్డ మీద తిరుగుతుంటే నా కత్తెర వంకర పోతోంది."

"కూర్చుంటే కాళ్ళు మొద్దుబారతాయే."

"నువ్వు తిరుగుతుంటే నా బుర్ర మొద్దుబారుతోంది. పోనీ వీధిలో తిరుగు, పుణ్యముంటుంది."

ఈ గుణం వృత్తిలో అతనికి చెరుపే చేసిందని అనడం న్యాయం కాదు. దుకాణాలకూ, కార్యాలయాలకూ మేడల మీద పెట్టే పెద్ద ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు బిగించడం అతని పని. మనిషికంటే బరువైన యంత్రాన్ని వీధిలోంచి పైకప్పు మీదికి లేపాలి, కదలకుండా దిమ్మెకు బిగించాలి, వేడి గాలి బయటికి పోయే దారి చూడాలి, కరెంటు కలపాలి. నిలకడలేని ఆ కళ్ళు ఒక నట్టును రెండుసార్లు చూసేవి, తాడులో తెగిన పోగును అందరికంటే ముందు పట్టేవి. అతను కట్టిన బరువు ఏదీ ఎన్నడూ జారలేదు. ఇది అతని పక్షాన చెప్పవలసిన మాట.

అతని జోడీ భార్య తమ్ముడే. ముప్పై అయిదు దాటిన ఆ బావమరిది ఇతనికి పూర్తిగా ఎదురు. మాటను నోట్లో నానబెట్టి గానీ బయటికి వదలడు. చేతిలో పని ఉంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తడు, పైగా పాట పాడుకుంటాడు. అతనికి గుంజ అని పేరు పెట్టింది బొంగరమే. గుంజ ఈ పనిలోకి దిగుతానన్నప్పుడు అక్క అడ్డుచెప్పలేదు. భర్తను మాత్రం గుమ్మంలో ఆపి ఒకే మాట అంది:

"వాణ్ణి పైకెక్కించేది నువ్వు. దింపేదీ నువ్వే. నాకు వాడు రెండు చేతుల్తో ఇంటికి రావాలి."

చేతుల మాట ఎందుకన్నదంటే, ఆమెకు ఈ వృత్తి సంగతులు వినీ వినీ తెలుసు. ఇందులో ప్రాణాలు పోయేది ఎత్తు నుంచి పడి మాత్రమే కాదు. పైన ఒకడు తీగల మధ్య చేతులు పెట్టి ఉండగా, కింద ఇంకొకడు మంచి ఉద్దేశంతోనే కరెంటు వేయడం వల్ల కూడా. పాత మేడల్లో కరెంటు బోర్డుకు తాళం ఉండదు. తెల్ల పింగాణీ ఫ్యూజులు ఉంటాయి. వాటిని ఊడబెరికి దగ్గర పెట్టుకోవడమే మిస్త్రీలకు తెలిసిన భద్రత. జేబులో పెట్టుకుంటే వంగినప్పుడు జారిపడుతున్నాయని తమ్ముడు చెప్పగా, ఆమె మిగిలిన ఎర్ర గుడ్డతో మెడలో వేసుకునే సంచి ఒకటి కుట్టింది. లాగితే మూతి బిగిసే తాడు, లోపల దళసరి అస్తరు.

"ఏంటక్కా, తాయెత్తా?" అన్నాడు గుంజ.

"తాయెత్తు పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. ఇది పనిచేస్తుంది. వేసుకో."

అప్పటినుంచి ఆ ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు ఏర్పడింది. చేతులెవరివో సంచి వాడి మెడలో. ఫ్యూజులు తీసేది ఎవరైనా కావచ్చు. తీగ ముట్టుకునేవాడి మెడలో సంచి పడేదాకా పని మొదలు కాకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది బొంగరమే. దాన్ని తప్పిందీ అతనే.

కేకుల దుకాణం మూడంతస్తుల పాత మేడలో కింది భాగంలో ఉంది. యజమానురాలిని అందరూ కేకులావిడ అనేవారు. చేయి తిరిగిన మనిషి, నోరు అంతకంటే తిరిగినది. ఎండలు ముదిరి, పూసిన క్రీము పూసినట్టే జారిపోతుంటే, దుకాణానికీ వెనక వంటగదికీ కలిపి పెద్ద ఏసీ పెట్టించుకోవడానికి సిద్ధపడింది. సరిగ్గా ఆ రోజే ఒక బడి వార్షికోత్సవానికి పెద్ద కేకు ఇవ్వాల్సి ఉంది. అంతస్తుల మీద అంతస్తులుగా తయారైన ఆ కేకును, కాస్త గాలి ఆడుతుందని, వెనక నడవలో బల్ల మీద నిలబెట్టింది. కరెంటు బోర్డు ఉన్నది కూడా ఆ నడవలోనే, ఆ బల్లకు పైన.

ఉదయమంతా పని ఒద్దికగా సాగింది. వీధికి రెండువైపులా తాడు కట్టి మనుషులను ఆపారు. పైకప్పు మీద బిగించిన చైను కప్పీతో యంత్రం ఇంచీ ఇంచీగా లేస్తోంది. తొందరలో ఉన్న ఒకాయన తాడు కిందనుంచి దూరబోతే బొంగరం అడ్డం నిలబడ్డాడు.

"నాకు పనుందయ్యా!"

"నాకూ పనుంది సార్. మీరు దాని కిందికి వెళ్తే మీ పని, నా పని ఒకేసారి అయిపోతాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆయన వెనక్కి తగ్గాడు. యంత్రం క్షేమంగా దిమ్మె మీదికి చేరింది. అందరూ భయపడే ఘట్టం అదే కాబట్టి, అది దాటగానే మనసులు తేలికపడ్డాయి. పొరపాటు దూరడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

యంత్రం పక్కన గోడకు ఒక స్విచ్చి పెట్టె బిగించి, కిందనుంచి వచ్చే పాత లైను కొసలను అందులో కలపడం తర్వాతి పని. ఆ పాత లైనుకే మధ్యలో ఎవరో ఎప్పుడో కేకులావిడ క్రీము ఫ్రిజ్‌ను కూడా తగిలించారు. కాబట్టి ఫ్యూజులు తీస్తే ఫ్రిజ్ ఆగిపోతుంది. బొంగరం ఆ సంగతి ముందే చెప్పాడు, ఆమె ఒప్పుకుంది.

"కొద్దిసేపేగా?"

"కొద్దిసేపే మేడమ్."

"మీ కొద్దిసేపు ఎంతుంటుందో నాకు తెలుసు. నా క్రీము కరిగితే నిన్ను ఆ ఫ్రిజ్‌లో కూర్చోబెడతా."

"నన్నా? కూర్చోబెడతారా? మా ఆవిడ చేత కానిది మీరు చేసి చూపించండి మేడమ్, దండం పెడతా."

మూడు ఫ్యూజులూ ఊడదీసి ఎర్ర సంచిలో వేశాడు. పైకి తీసుకెళ్ళి బావమరిది మెడలో వేయాలి. మెట్లెక్కడానికి చేతులు ఖాళీగా ఉంటాయని ప్రస్తుతానికి తన మెడలోనే వేసుకున్నాడు. దారిలో కేకులావిడ మళ్ళీ పట్టుకుంది. పక్క మేడ కిటికీలో పగలంతా కూర్చునే పెద్దాయన ముఖం మీదికి ఈ యంత్రం వేడి కొడుతుందా అని ఆమె అనుమానం. కొట్టదని, గాలి వెనకవైపు ఖాళీలోకి పోయేలా తిప్పి పెట్టామని చెబుతూ చెబుతూ పైకి చేరేసరికి, చెప్పాలనుకున్నవి మూడు, చేయాలనుకున్నవి నాలుగు అతని తలలో ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

గుంజ స్విచ్చి పెట్టె మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. మెట్ల గది నీడలో సరిగా కనబడక, బావ ఫోను అడిగి తీసుకుని, దాని లైటు వెలిగించి పెట్టె మూల ఇరికించాడు.

"సంచేది బావా?"

బొంగరం గుండెల మీద తట్టుకున్నాడు. లోపల పింగాణీ టకటకమంది. "ఇదిగో, నా మెడలోనే ఉంది. కానివ్వు."

"చేతులు నావి."

"తెలుసురా. నేనిక్కడే ఉంటాగా!"

గుంజ ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వా? ఇక్కడా?" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులోనే అభ్యంతరం కూడా కొట్టుకుపోయింది. బావ మాట తీసేయలేక కావచ్చు, నిజంగానే నమ్మి కావచ్చు, రెండు చేతులూ పెట్టెలో పెట్టి పాట అందుకున్నాడు.

మరొకడు ఆ మాట అని ఉంటే ప్రమాదం ఉండేది కాదేమో. ఇక్కడే ఉంటానని మాట ఇచ్చింది జన్మలో ఒకచోట ఉండని మనిషి.

కాసేపు యంత్రం చుట్టూ తిరిగాడు. కాళ్ళ దగ్గర నట్లు తడిమాడు. నాలుగో కాలి కింద అదురు ఆపడానికి వేసిన రబ్బరు దిమ్మ అడ్డంగా చీలిపోయి ఉంది. బిగించేటప్పుడే చీలి ఉండాలి. అలాగే వదిలేస్తే యంత్రం అదిరి, కొన్నాళ్ళకు నట్టు వదులై, గొట్టాలు పగులుతాయి. కనుక మార్చవలసిందే, అందులో సందేహం లేదు. కానీ అప్పటికప్పుడే మార్చవలసిన అవసరమూ లేదు. గుంజ పని ముగిశాక వెళ్ళినా మునిగిపోయేదేమీ లేదు. ఇంకెవరైనా ఇలాగే ఆలోచించేవాడు. బొంగరానికి మాత్రం ఆ చీలిక చూసిన క్షణం నుంచి ముళ్ళ మీద నిలబడినట్టయింది. చీలిన రబ్బరు తన అరికాలిలోనే ఉన్నంత సలుపు. వీధి చివరే ఇనుప సామాన్ల కొట్టు. ఇలా వెళ్ళి అలా రావడమే.

"ఇప్పుడే వస్తా," అన్నాడు. గుంజ వినలేదు. పాట మంచి చరణంలో ఉంది.

దుకాణం ముందునుంచి అతను గబగబా వీధిలోకి పోవడం కేకులావిడ చూసింది. మెడలో ఎర్ర సంచి ఊగుతోంది. ఫ్రిజ్ ఆగిపోయి అప్పటికే చాలాసేపయింది, లోపల క్రీము కుంగుతోంది. వీళ్ళు భోజనానికి పోయారని ఆమె అనుకుంది. ఒకడే పోయాడనీ, ఇంకొకడు పైన ఉన్నాడనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండో అంతస్తులో ఏదో పని చూసుకుంటున్న మేడ కరెంటాయనను పిలిచింది.

"ఆ ఏసీవాళ్ళు ఫ్యూజులు మెడలో వేసుకుని ఊరేగుతున్నారు. వాళ్ళొచ్చేలోపు నా సరుకంతా పాయసమైపోతుంది. కాస్త కరెంటు ఇవ్వవయ్యా."

"వాళ్ళ పని అయిందా అమ్మా?"

"అవకపోతే వీధిలో ఎందుకుంటారు?"

కరెంటాయన అడగవలసిన ప్రశ్న అడిగాడు. జవాబు ఇచ్చిన మనిషి నిజమనుకున్నదే చెప్పింది. అతని దగ్గర వేరే ఫ్యూజులు ఉన్నాయి. వాటికి కొత్త రాగి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. పైకి వెళ్ళి ఒకసారి చూసి ఉండాల్సింది. ఆ లోపం అతనిదే.

ఇనుప సామాన్ల కొట్టులో రబ్బరు దిమ్మలు వెతకడానికి కొట్టతను నిచ్చెనెక్కాడు. బొంగరం కౌంటరు ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరిగిన ప్రతిసారీ గుండెల మీద ఏదో టక్కుమంటోంది. మొదట అది చెవికెక్కలేదు. ఇంకో తిరుగుడు, ఇంకో టక్కు. చేయి తనంతట తానే పైకి పోయి సంచిని పట్టుకుంది. దళసరి అస్తరులోంచి మూడు పింగాణీ ముక్కలు వేళ్ళకు తగిలాయి.

ఇది ఇక్కడుంది.

చేతులు అక్కడున్నాయి.

మరి బోర్డు దగ్గర ఎవరున్నారు?

పొగిడేవాళ్ళు చెప్పే మనోనేత్రం ఇంతే. మెడలో సంచి చప్పుడు చేసింది. అంతకుమించి ఏమీ లేదు.

"ఏ సైజు కావాలన్నావు?" అని నిచ్చెన మీదనుంచి కొట్టతను అడిగేసరికి కింద మనిషి లేడు.

అతను పరుగెత్తడం వీధి వీధంతా చూసింది. చెప్పులాయన పేర్చుకున్న చెప్పుల కుప్పను తొక్కుకుంటూ పోయాడు. తాగాడన్న మాట అక్కడే పుట్టింది. ఏమీ జరిగి ఉండదని ఒక అడుగు, జరిగిపోయిందని మరో అడుగు. రెండు చేతుల్తో ఇంటికి రావాలన్న మాట భార్య గొంతుతో చెవిలో మోగుతోంది. ఫోను పైన పెట్టె మూలనే ఉండిపోయింది. అరవాలనుకున్నాడు, ఊపిరి చాలలేదు.

నడవలోకి దూసుకొచ్చేసరికి కరెంటాయన బల్ల పక్కన ముక్కాలిపీట ఎక్కి, మొదటి ఫ్యూజును గాడికి ఎదురుగా పట్టుకుని ఉన్నాడు. బొంగరం రెండు చేతులతో అతని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. పీట తిరగబడింది. ఇద్దరూ బల్ల మీద పడ్డారు. అంతస్తుల కేకు ఒకసారి ఊగి, ఆలోచించుకున్నట్టు ఆగి, గోడవైపు ఒరిగి, గోడంతా తెల్లగా పూసుకుంటూ నేలకు జారింది.

"నీకేమన్నా పిచ్చా!" అని కరెంటాయన లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. మోచేయి గీరుకుపోయి రక్తం వస్తోంది.

కేకులావిడ పరుగున వచ్చి, గోడను చూసి, నేలను చూసి, మాట పడిపోయి నిలబడింది. పడిపోయిన మాట లేచి వచ్చాక మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

బొంగరం బోర్డుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఊపిరి అందగానే తల మెట్లవైపు తిప్పి, "ఒరేయ్ గుంజా!" అని పెద్దగా కేకేశాడు.

జవాబు లేదు.

"ఒరేయ్!"

మూడంతస్తుల మెట్లు ఆ పిలుపును మధ్యలోనే మింగేశాయి. అప్పుడు అతనికి అసలు భయం పట్టుకుంది. తను వచ్చేసరికి మొదటి ఫ్యూజు గాడిలో పెట్టబోతున్నాడా, పెట్టి తీసి మళ్ళీ పెడుతున్నాడా? కళ్ళతో చూసింది గాడి ముందున్న చేయి మాత్రమే. కరెంటాయనను అడిగాడు. అతను కోపంలో ఉన్నాడు, "పెట్టానో లేదో నీకెందుకు చెప్పాలి?" అన్నాడు.

ఒక్క ఉరుకున పైకి పోవాలి. పోయి చూడాలి. కాళ్ళు అప్పటికే మెట్లవైపు తిరిగాయి. కానీ తను కదిలిన మరుక్షణం ఈ బోర్డు ముందు ఎవరుంటారు? కోపంలో ఉన్న కరెంటాయన, కరిగిపోతున్న సరుకున్న యజమానురాలు. వెళితే ప్రమాదం, నిలబడితే ప్రాణం పోతున్నట్టుంది. జీవితమంతా కాళ్ళు చెప్పినట్టు విన్న మనిషి, మొదటిసారి వాటికి ఎదురు తిరిగాడు. మడమలు నేలకు అదిమి పెట్టాడు. పిక్కలు వణుకుతుండడం కేకులావిడకు కూడా కనిపించింది.

"మేడమ్," అన్నాడు. "మీరు పైకి వెళ్ళండి. మా బావమరిది చేతులెక్కడున్నాయో చూసి రండి. వచ్చాక నన్నేమన్నా అనండి, కొట్టినా పడతా. ముందు చూసి రండి."

"ఎవరి చేతులు? పైన ఎవరున్నారు?"

"మా ఆవిడ తమ్ముడు. తీగల్లో చేతులు పెట్టుకునున్నాడు."

కేకులావిడ ముఖంలో కోపం ఉన్నచోటే గడ్డకట్టింది. చేతికంటిన క్రీము చీరకు తుడుచుకుంటూ మెట్లెక్కింది. కరెంటాయన చొక్కా వదిలేశాడు. నేల మీద పడిన ఫ్యూజును చూశాడు, తన చేతిని చూసుకున్నాడు.

"పెట్టలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "అప్పుడే పెట్టబోతున్నా."

బొంగరం తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. కళ్ళు మెట్ల మీదనుంచి కదల్లేదు. పైన అడుగుల చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. నడవలో గోడ మీదనుంచి క్రీము ముద్ద ఒకటి జారి నేల మీద చప్పుడుతో పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అతను ఆ ఎర్ర సంచిని రెండు చేతుల్తో గుండెకు అదుముకున్నాడు. దాని తాడు మెడ మీద కోసుకుపోయిన గుర్తు చాలా రోజులు ఉండిపోయింది.

అడుగులు మళ్ళీ వినిపించాయి. దిగుతున్నవి నిదానంగా ఉన్నాయి. కేకులావిడ చివరి మెట్టు మీద ఆగి, మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడింది.

"రెండు చేతులూ మణికట్టుదాకా ఆ పెట్టెలో ఉన్నాయి," అంది. "పాట పాడుతున్నాడు."

బొంగరం అప్పటికీ కూర్చోలేదు. సంచి మెడలోంచి తీసి ఆమెకు అందించాడు.

"మేడమ్, మళ్ళీ ఒక్కసారి... ఇది వాడి మెడలో వేసి రండి."

ఇంకో సందర్భంలో ఆ మాటకు ఆమె ఏమనేదో ఊహించడం కష్టం కాదు. ఆ రోజు మారు మాట్లాడకుండా సంచి తీసుకుని మళ్ళీ ఎక్కింది.

సంచి చేరవలసిన మెడకు చేరాక కూడా బొంగరం బోర్డు ముందునుంచి కదలలేదు. కరెంటాయనే అన్నాడు, "ఇంకెవరూ ముట్టుకోరులే, వెళ్ళి చూసుకో" అని. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడే ఉంటానని చెప్పాను."

"ఎవరికి?"

"వాడికి."

కేకులావిడ వంటగదిలోకి పోయి, మిగిలిన క్రీమునూ బతికి ఉన్న దిగువ అంతస్తునూ పోగుచేసుకుని చిన్న చిన్న కేకులు మొదలుపెట్టింది. బడి పిల్లలకు పెద్ద కేకు బదులు ఒక్కొక్కరికి ఒక్కో చిన్నది అందింది, వాళ్ళకు అదే బాగా నచ్చిందని తర్వాత తెలిసింది. అయితే ఆ పని మధ్యలో ఆమె నడవలోకి వచ్చిన ప్రతిసారీ బొంగరం అదే చోట, అదే వీపుతో, అదే గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒకసారి కుర్చీ తెచ్చి పడేసింది. కూర్చోలేదు. ఇంకోసారి టీ తెచ్చి ఇచ్చింది. నిలబడే తాగాడు. నడవకుండా తాగడం అదే మొదలు.

మధ్యాహ్నం వాలాక గుంజ పాట ఆపి కిందికి వచ్చాడు. మెడలో ఎర్ర సంచి. గోడను చూశాడు, నేలను చూశాడు, మోచేతికి గుడ్డ కట్టుకున్న కరెంటాయనను చూశాడు, చివరికి బావను చూశాడు.

"ఎక్కడికెళ్ళావు బావా?"

"ఇక్కడే ఉన్నా."

"ఇక్కడేనా?" గుంజ గోడ మీది క్రీము వేలితో తీసి నాకాడు. "నువ్వు ఒకచోట నిలబడితేనే ఇంత జరిగిందే, తిరిగి ఉంటే మేడ మిగిలేదా?"

ఎవరూ నవ్వలేదు. బొంగరం ముఖం చూసి గుంజ కూడా నవ్వు మానేశాడు. జరిగింది విన్నాడు. తన రెండు చేతులనూ ఒకసారి తిప్పి చూసుకుని, సంచి తీసి బావ చేతిలో పెట్టాడు.

"చేతులు నావని చెప్పా కదా బావా," అన్నాడు. అంతకుమించి ఎన్నడూ అనలేదు.

బొంగరం కరెంటాయన దగ్గరకు వెళ్ళి, లాగినందుకు క్షమించమన్నాడు. "లాగకపోతే నేను నిన్ను క్షమించమనాల్సి వచ్చేది," అని అతను చేయి పట్టుకున్నాడు. గోడా నేలా కడిగింది బావా బావమరుదులే. చీలిన రబ్బరు దిమ్మ మర్నాడు మార్చారు, సంచి గుంజ మెడలో ఉండగా.

ఇంటికి చేరేసరికి భార్య మిషన్ మీద ఉంది. తమ్ముడి చేతులు ముందు చూసింది, అది ఆమె అలవాటు. బొంగరం గది మధ్యలో నిలబడి మొత్తం చెప్పాడు. సంచి తన మెడలో వేసుకున్నదీ, ఇక్కడే ఉంటానన్నదీ, ఉండనిదీ, ఒక్క మాటా మింగలేదు. గుంజ మధ్యలో కల్పించుకుని, "నేనూ సరే అన్నానక్కా" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో. నీ సంగతి తర్వాత," అంది. భర్తవైపు తిరిగింది. "మరి బోర్డు దగ్గర ఎంతసేపు నిలబడ్డావు?"

"వాడు దిగేదాకా."

"కదలకుండా?"

"కదలకుండా."

ఆమె మిషన్ చక్రం మీదనుంచి చేయి తీసింది. తర్వాత సంచి తీసుకుని, లాగిన పట్టుకు పిగిలిన తాడు విప్పేసి, కొత్త తాడు ఎక్కించి, లోపల ఇంకో చిన్న అర కుట్టింది.

"ఇదెందుకే?"

"రేపు ఒక ఇనుప గొళ్ళెం, దానికి తాళంకప్ప కొనుక్కో. బోర్డుకు మూత ఉంటే మూతకు, లేకపోతే గది తలుపుకు. ఫ్యూజులు అందరి దగ్గరా ఉంటాయి. తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉంటుంది. అది ఇందులో. ఇక నువ్వు ఇక్కడే ఉంటానని ఎవరికీ చెప్పకు. అది నీవల్ల అయ్యే పని కాదు."

"ఇవాళ అయింది కదా?"

"అయింది," అంది. సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "ఇక కూర్చో."

కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, తలుపు మేకు బిగించడానికి వెళ్ళాడు.

అప్పటినుంచి వాళ్ళు తాళం లేకుండా పని మొదలుపెట్టలేదు. కరెంటాయన కూడా పైకి వెళ్ళి చూడకుండా ఏ మేడలోనూ ఫ్యూజు పెట్టలేదని అతనే చెబుతాడు. కాదనడానికి ఆధారమేదీ కనబడలేదు.

ఇక తీర్పు. బొంగరం తాగలేదు, పారిపోలేదు, కక్ష తీర్చుకోలేదు, అద్భుతమూ చేయలేదు. తాను పెట్టిన నియమాన్ని తానే తప్పి, ఒక మనిషి ప్రాణాన్ని మెడలో వేసుకుని బజారుకు వెళ్ళాడు. అది అతని తప్పు, చిన్నది కాదు. తెలిసిన క్షణాన తిరిగి వచ్చాడు, ఫ్యూజు పెట్టబోయే చేతిని ఆపాడు, ఆపైన కదలకూడని చోట కదలకుండా నిలబడ్డాడు. అతను చేసింది అంతే.